మూడు మార్కుల తేడా నిజంగా తేడాయేనా? టీ టెస్ట్ చేసుకునే పద్ధతి

మా స్కూలు బిట్రగుంట దగ్గర, నేను ఉండేది కావలిలో. పదో తరగతి ఏ, బీ సెక్షన్లు రెండిటికీ బయాలజీ నేనే చెప్తాను. నిరుడు ఏ సెక్షన్‌కి నెల రోజులపాటు పొద్దున్నే పది నిమిషాలు స్లిప్ టెస్ట్ పెట్టాను, బీ సెక్షన్‌కి పెట్టలేదు. నెలాఖరుకి ఇద్దరికీ ఒకటే పేపరు, 50 మార్కులకి. కట్టలోంచి చేతికందినవి పది పది పేపర్లు దిద్దేసరికి ఏ సగటు 35, బీ సగటు 32. ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూములో నేను మురిసిపోతుంటే మా లెక్కల మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని, "అదంతా సరే మేడమ్, స్లిప్ టెస్ట్ పెట్టకపోయినా ఆ మూడు మార్కులు వచ్చేవేమో, రావని ఎట్ట చెప్తారు?" అన్నారు.

కోపం వచ్చింది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమే అనిపించింది. ఇది ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునే దారి. బీఎడ్ ప్రాజెక్టు చేసేవాళ్లకీ, స్కూల్లో ఏదో కొత్తగా ప్రయత్నించి ఫలితం చూసుకోవాలనుకునే టీచర్లకీ పనికొస్తుంది. ఇంటర్ దాకా లెక్కలు చదివినవాళ్లకి కష్టమేమీ కాదు, చదవనివాళ్లు కూడా కూడికలు, భాగహారాలు వస్తే చేసేయొచ్చు.

మార్కులు ఇవి (చేత్తో లెక్క వేయడానికి వీలుగా కాస్త సర్దాను):

ఏ సెక్షన్: 31, 36, 28, 40, 34, 38, 29, 42, 35, 37
బీ సెక్షన్: 30, 27, 36, 33, 22, 39, 31, 36, 28, 38

ఏ మొత్తం 350, బీ మొత్తం 320. సగటులు 35, 32. ఇక్కడిదాకా అందరం చేస్తాం, చేసి ఇక్కడే ఆగిపోతాం. కానీ వరసలు ఒకసారి కళ్లతో చూడండి. బీలో 39, 38 వచ్చినవాళ్లున్నారు, ఏలో 28, 29 వచ్చినవాళ్లున్నారు. ఒకే సెక్షన్‌లో పిల్లకీ పిల్లకీ మధ్య పది పదిహేను మార్కుల ఎడం ఉన్నప్పుడు, రెండు సగటుల మధ్య మూడు మార్కులు రావడం ఏమంత విశేషం? అదే ఏ పిల్లలందరికీ 34, 35, 36 వచ్చి, బీ పిల్లలందరికీ 31, 32, 33 వచ్చి ఉంటే ఆ మూడు మార్కులకే ఎవరూ నోరెత్తలేరు. మూడు అనే అంకె విడిగా పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, పిల్లల మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో దాంతో తూచాలి. టీ టెస్ట్ చేసే పనంతా ఆ తూకమే.

ముందు చీటీలు వేయండి

ఫార్ములా జోలికి పోకముందు ఈ పని ఒక్కసారి చేత్తో చేయమని నా సలహా. చేస్తే ఆ తర్వాత ఏ పుస్తకం తెరిచినా బెదురు ఉండదు. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఈ ఇరవై మార్కుల్నీ ఇరవై చీటీల మీద రాసి, నెల్లూరు నుంచి తెచ్చిన మలై కాజా డబ్బా ఖాళీగా ఉంటే అందులో వేసి బాగా కుదిపి, చూడకుండా పది తీశాను. తీసిన పదీ ఏ సెక్షన్ అనుకున్నాను, డబ్బాలో మిగిలిన పదీ బీ అనుకున్నాను. రెండు సగటులు కట్టి తేడా రాసుకున్నాను. మళ్లీ అన్నీ డబ్బాలో వేసి, మళ్లీ కుదిపి, మళ్లీ పది.

ఎందుకిలా? స్లిప్ టెస్ట్ వల్ల ఎవరికీ ఒక్క మార్కు కూడా అటూ ఇటూ కాలేదని కాసేపు ఒప్పుకుందాం. అలాంటప్పుడు 40 వచ్చిన పిల్లకి బీ సెక్షన్‌లో కూర్చున్నా 40 వచ్చేది, 22 వచ్చినవాడికి ఏ సెక్షన్‌లో ఉన్నా 22 వచ్చేది. ఏ, బీ అనేవి ఉత్త పేర్లు. పేర్లు ఎలా మార్చి అంటించినా మార్కులు మారవు. మరి పేర్లు ఇలా ఊరికే కలిపేసి పంచితే మూడు మార్కులో అంతకన్నా ఎక్కువో తేడా ఎన్నిసార్లు వస్తుంది? తరచుగా వచ్చేటట్టయితే నా స్లిప్ టెస్ట్ గొప్ప ఏమీ లేదు. ఎప్పుడో గానీ రాకపోతే అప్పుడు కాస్త గట్టిగా మాట్లాడొచ్చు. "తేడా లేదనుకుందాం" అని మొదలుపెట్టే ఈ మాటనే పుస్తకాల్లో శూన్య పరికల్పన అని బరువైన పేరు పెట్టి భయపెడతారు.

చిన్న కిటుకు చెప్తాను, ప్రతిసారీ రెండు సగటులు కట్టనక్కర్లేదు. ఇరవై చీటీల మొత్తం ఎప్పుడూ 670. మీరు తీసిన పది చీటీల మొత్తం 350కి తగ్గకుండా వచ్చినా, 320కి మించకుండా వచ్చినా తేడా మూడో అంతకన్నా ఎక్కువో అన్నట్టే. నేను ఇరవై సార్లు తీశాను, నాలుగు సార్లు అలా వచ్చింది. అంటే దాదాపు అయిదింట ఒకసారి, స్లిప్ టెస్ట్ ప్రమేయమేమీ లేకుండా, కాజా డబ్బా నాకు మూడు మార్కుల తేడా చూపించింది. మురిపెం సగం అక్కడే దిగిపోయింది.

ఇరవైలోంచి పది ఎంచుకోవడానికి 1,84,756 దారులున్నాయి, కంప్యూటర్ అయితే అన్నీ చూసేస్తుంది, మనకంత ఓపిక లేదు. దాదాపు ఇదే జవాబుని నాలుగు లైన్ల లెక్కలో ఇచ్చేది టీ టెస్ట్. టీ అన్నారు గదా అని తాగే టీ అనుకోకండి, పుట్టింది మాత్రం బీరు దగ్గర. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గోసెట్ అనే ఆయనకి నాలుగైదు శాంపిళ్లు మాత్రమే చేతిలో ఉంటే వాటి సగటుని ఎంతవరకు నమ్మాలి అనేది రోజువారీ తలనొప్పి. ఆ చిక్కు తీర్చే పద్ధతిని 1908లో బయోమెట్రికా అనే పత్రికలో వేశాడు, కంపెనీ వాళ్లు సొంత పేరుతో రాయనివ్వరు కాబట్టి "స్టూడెంట్" అని మారుపేరు పెట్టుకున్నాడు. అందుకే ఇప్పటికీ దాన్ని స్టూడెంట్స్ టీ అంటారు. పది మంది పిల్లల మార్కులతో కుస్తీ పట్టే మనలాంటి వాళ్లకి సరిగ్గా సరిపోయే పద్ధతి, వేలమంది డేటా ఉన్నవాళ్ల కోసం పుట్టింది కాదు.

చేత్తో లెక్క

ఏ సెక్షన్ తీసుకోండి. ప్రతి మార్కులోంచి సగటు 35 తీసేయండి: -4, 1, -7, 5, -1, 3, -6, 7, 0, 2. వీటిని కూడితే సున్నా రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు కూడారు. ఇప్పుడు ఒక్కోదాన్ని వర్గం చేసి కూడండి: 16, 1, 49, 25, 1, 9, 36, 49, 0, 4, మొత్తం 190. దీన్ని 9తో భాగిస్తే 21.11. ఇంటర్ లెక్కల 2ఏ పుస్తకంలో విస్తృతి అని చదువుకున్నది ఇదే, కాకపోతే అక్కడ 10 మంది ఉంటే 10తోనే భాగించేవాళ్లం, ఇక్కడ ఒకటి తగ్గించి 9తో భాగించాలి. ఎందుకంటే ఆ 35 అనే సగటు కూడా ఈ పది మార్కుల్లోంచే వచ్చింది, అందుకని మార్కులన్నీ దానికి ఉండాల్సినదానికన్నా కాస్త దగ్గరగా కనిపిస్తాయి, ఆ లోటు పూడ్చడానికి కొంచెం చిన్న అంకెతో భాగిస్తాం. 21.11కి వర్గమూలం 4.59, అదే ప్రామాణిక విచలనం, అందరూ ఎస్‌డీ అనేస్తారు, నేనూ అలాగే అంటాను.

బీ సెక్షన్‌కి కూడా అంతే. తేడాలు -2, -5, 4, 1, -10, 7, -1, 4, -4, 6. వర్గాల మొత్తం 264. 9తో భాగిస్తే 29.33, ఎస్‌డీ 5.42. బీ పిల్లల మార్కులు కొంచెం ఎక్కువ చెదిరాయన్నమాట, ఆ 22 వచ్చినవాడి పుణ్యమే చాలావరకు.

ఇప్పుడు అసలు మెట్టు. 21.11ని ఏ పిల్లల సంఖ్య 10తో భాగించండి, 2.11. 29.33ని బీ పిల్లల సంఖ్య 10తో భాగించండి, 2.93. రెండూ కూడితే 5.04, వర్గమూలం 2.25. దీన్ని స్టాండర్డ్ ఎర్రర్ అంటారు, ఇంకే కారణమూ లేకపోయినా రెండు సగటుల మధ్య తేడా మామూలుగా ఇంత ఊగుతుంది అని చెప్పే అంకె ఇది. మన తేడా 3. దాన్ని 2.25తో భాగిస్తే 1.33 (మధ్యలో ఎక్కడా అంకెలు కుదించకపోతే 1.336, అంటే 1.34). అదే టీ.

అంటే మన తేడా మామూలు ఊగులాటకి ఒకటింపావు రెట్ల కన్నా కాస్త ఎక్కువ. ఎంత ఉంటే సంబరపడొచ్చు? పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనేది ఒకటుంది, ఎస్‌డీలు దగ్గర దగ్గరగా ఉంటే మొత్తం పిల్లల్లోంచి రెండు తీసేస్తే చాలు, ఇక్కడ 18. స్టాటిస్టిక్స్ పుస్తకాల చివర ఉండే టీ టేబుల్లో 18కి ఎదురుగా చూస్తే 2.10. టీ విలువ ఆ 2.10 దాటితే, తేడా లేని చోట కూడా ఇలా జరగడం వందకి అయిదుసార్ల కన్నా తక్కువ అని అర్థం. మనది 1.34 దగ్గరే ఆగిపోయింది.

షీట్లో అయితే ఒక్క లైను

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా ఒకటే పని. ఏ కాలమ్‌లో రెండో గడి నుంచి పదకొండో గడి దాకా ఏ సెక్షన్ మార్కులు, పక్క కాలమ్‌లో బీ సెక్షన్ మార్కులు వేసుకోండి. ఖాళీ గడిలో సమానం గుర్తు పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో టీ డాట్ టెస్ట్ అని కొట్టి, బ్రాకెట్లో మొదటి వరస, కామా, రెండో వరస, కామా, 2, కామా, 3 అని ఇచ్చి బ్రాకెట్ మూసేయండి. దాదాపు 0.20 వస్తుంది. ఇది టీ కాదు, పీ వాల్యూ. కాజా డబ్బా ఇచ్చిన అయిదింట ఒకటి గుర్తుందా, అదే ఇది.

చివరి రెండు అంకెల దగ్గరే అందరూ తడబడతారు. మొదటి 2 అంటే తేడా ఎటువైపు ఉన్నా లెక్కలోకి తీసుకో అని. అక్కడ 1 పెడితే పీ సగానికి పడిపోయి 0.10 అవుతుంది, అది చూసి ఆశపడి 1 పెట్టేవాళ్లని చూశాను. పరీక్ష పెట్టకముందే "ఏ సెక్షనే ఎక్కువ తెచ్చుకోవాలి, తగ్గితే నాకు అనవసరం" అని రాసి పెట్టుకుని ఉంటే తప్ప 1 పెట్టకూడదు. మార్కులు చూశాక పెట్టడమంటే క్రికెట్లో బంతి పడ్డాక ఫీల్డరుని జరపడమే. ఆఖరి 3 అంటే రెండు గుంపుల చెదురు సమానంగా ఉందని అనుకోకుండా లెక్క వేయమని. దీన్ని వెల్ష్ పద్ధతి అంటారు, 1947లో వచ్చింది. ఆ 3కి బదులు 2 పెడితే రెండిటి చెదురూ సమానమనుకుని వేస్తుంది. మీకు గట్టి కారణం లేకపోతే ఎప్పుడూ 3 పెట్టండి, చెదురు సమానంగా ఉన్నా దానివల్ల పోయేదేమీ లేదు. అదే చోట 1 అనేది జతల కోసం, దాని సంగతి తర్వాత.

ఎస్‌డీ కట్టే ఫార్ములాల్లో రెండు రకాలున్నాయి, చివర ఎస్ ఉన్నది వాడండి, పీ ఉన్నది వద్దు. ఎస్ అయితే 9తో భాగిస్తుంది, పీ అయితే 10తో.

0.20 అంటే ఏం చెప్పినట్టు, ఏం చెప్పనట్టు

ఇక్కడే మాస్టారూ నేనూ మళ్లీ వాదించుకున్నాం. ఆయన "అయితే తేడా లేదు అని తేలిపోయింది గదా" అన్నారు. తేలలేదు. 0.20 అంటే "తేడా లేకపోయినా ఇలాంటి మార్కులు అయిదింట ఒకసారి వస్తాయి" అని, అంతే. స్లిప్ టెస్ట్ పనిచేసే అవకాశం 80 శాతం అని కాదు, పనిచేయదు అనీ కాదు. ఇందాకటి వందకి అయిదు, అంటే పీ 0.05 అనే హద్దు కూడా ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, ఆర్.ఎ. ఫిషర్ 1925లో ఇరవైలో ఒకటి అయితే హద్దుగా పెట్టుకోవడానికి వీలుగా ఉంటుందన్నాడు, లోకమంతా దాన్నే పట్టుకుంది. 0.049 వస్తే పండగ, 0.051 వస్తే ఏడుపు, ఇదేం పద్ధతి?

నన్నడిగితే పీ కన్నా, అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే 95 శాతం హద్దులు ముఖ్యం. స్టాండర్డ్ ఎర్రర్ 2.25ని టేబుల్ అంకె 2.10తో గుణిస్తే 4.7. మన తేడా మూడుకి అటు 4.7, ఇటు 4.7 వేస్తే -1.7 నుంచి 7.7 దాకా. అంటే నా దగ్గరున్న మార్కులని బట్టి స్లిప్ టెస్ట్ వల్ల పిల్లలకి ఏడు మార్కులు పెరిగి ఉండొచ్చు, ఒకటిన్నర తగ్గి కూడా ఉండొచ్చు. ఏడు మార్కులంటే మామూలు విషయమా? అంత పెద్ద మేలు జరిగే వీలు ఇంకా ఉన్నప్పుడు "తేడా లేదు" అని ఫైలు మూసేయడం ఏం న్యాయం? పది పేపర్లకి అంతకన్నా చెప్పే సత్తా లేదు, తప్పు పేపర్లది.

మా సెక్షన్‌కి 42 మంది, ఆ రోజు రానివాళ్లు ఇద్దరేసి పోగా 40 పేపర్లు చొప్పున ఉన్నాయి. అన్నీ దిద్దాక సగటులూ చెదురూ సరిగ్గా ఇలాగే వచ్చాయనుకోండి. 21.11నీ 29.33నీ ఈసారి 40తో భాగిస్తాం, స్టాండర్డ్ ఎర్రర్ 1.12కి దిగుతుంది, టీ 2.67కి లేస్తుంది, పీ 0.01 లోపుకి వచ్చేస్తుంది, హద్దులు 0.8 నుంచి 5.2. అదే మూడు మార్కులు, అదే పిల్లలు, పేపర్ల సంఖ్య ఒక్కటే మారింది. పిల్లల సంఖ్య నాలుగు రెట్లయితే ఊగులాట సగమవుతుంది, అంతకు మించి అవదు. రెండింతలు చేస్తే సగమవుతుందని చాలామంది పొరబడతారు.

మొదలుపెట్టకముందే ఎంతమంది కావాలో తెలుసుకునే మోటు లెక్క ఒకటుంది. మీరు పట్టుకోవాలనుకునే తేడాని ఎస్‌డీతో భాగించండి, మనకి 3ని సుమారు 5తో భాగిస్తే 0.6 (దీన్ని కోహెన్ డీ అంటారు, 0.2 చిన్నది, 0.5 మధ్యరకం, 0.8 పెద్దది అని వాడుక). 16ని ఆ 0.6 వర్గంతో, అంటే 0.36తో భాగించండి, 44. గుంపుకి 44 మంది ఉంటే, నిజంగా అంత తేడా ఉన్నప్పుడు అయిదింట నాలుగుసార్లు దొరుకుతుంది. నేను పది పేపర్లతో తేల్చేద్దామనుకున్నాను, గుంటలో నీళ్లు ఎంతున్నాయో చెంచా ముంచి చూసినట్టు.

సున్నా కాని సున్నా

ఒకసారి మార్కులు ఎక్కించే షీట్లో, పరీక్షకి రానివాళ్లకి ఏబీ అని వేసిన చోటల్లా ఎవరో సున్నా కొట్టేశారు. సగటులు తారుమారై, ఆ నెల నాకు సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. అదేం చేస్తుందో పై లెక్కలోనే చూడండి. బీలో 22 వచ్చినవాడు రాలేదనుకుని అక్కడ 0 పెడితే బీ సగటు 29.8కి పడిపోతుంది, తేడా 3 నుంచి 5.2కి పెరుగుతుంది. చూసినవాళ్లు అబ్బో అంటారు. కానీ బీ ఎస్‌డీ కూడా 5.4 నుంచి 11.3కి ఎగబాకుతుంది, టీ 1.35 దగ్గర, ఉన్నచోటే ఉంటుంది. తేడా పెరిగినా తూకం పెరగలేదు. రానివాళ్ల గడి ఖాళీగా వదిలేయండి, సున్నా పెట్టకండి. టెస్ట్ చేయకముందు మార్కులని చిన్నది నుంచి పెద్దదానికి పేర్చి ఒకసారి కళ్లతో చూడటం నేను అప్పటి నుంచి మానలేదు.

పేపరు మరీ తేలికై సగం మందికి 48, 49, 50 వచ్చి కింద ఇద్దరు ముగ్గురు మిగిలినప్పుడు, పిల్లలు కూడా పదీ పన్నెండు మందే ఉన్నప్పుడు టీ టెస్ట్ మీద పెద్దగా భరోసా పెట్టుకోవద్దు. మార్కులకి బదులు ర్యాంకులతో లెక్క వేసే మాన్-విట్నీ టెస్ట్ ఉంది, అదీ కాకపోతే కాజా డబ్బా ఎలాగూ ఉంది.

అదే పిల్లలకి ముందూ వెనకా పరీక్ష పెడితే

బీఎడ్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఎనిమిది మంది పిల్లలకి ముందు ఒక పరీక్ష: 22, 35, 28, 40, 18, 31, 26, 32. నెల తర్వాత అదే వరసలో అదే పిల్లలకి: 25, 36, 32, 41, 22, 33, 29, 38. సగటు 29 నుంచి 32కి వచ్చింది, మళ్లీ మూడే. దీన్ని రెండు వేరే గుంపులనుకుని ఆఖరి అంకె 3 పెట్టి చేస్తే పీ 0.39 దగ్గర వస్తుంది, ఏమీ తేలలేదని అర్థం. కానీ ఎవరి మార్కు ఎంత పెరిగిందో చూడండి: 3, 1, 4, 1, 4, 2, 3, 6. ఎనిమిది మందికి ఎనిమిది మందీ పెరిగారు! పిల్లకీ పిల్లకీ ఉన్న ఎడం (18 ఎక్కడ, 40 ఎక్కడ) ఇక్కడ మనకి అడ్డం, ఎవరితో వాళ్లనే పోల్చితే ఆ అడ్డం తొలగిపోతుంది. ఈ ఎనిమిది పెరుగుదలల సగటు 3, ఎస్‌డీ 1.69. దాన్ని 8 వర్గమూలంతో భాగిస్తే 0.60. టీ 5 దాటుతుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 7కి హద్దు 2.36 మాత్రమే. ఆఖరి అంకె 1 పెట్టి చేస్తే పీ 0.002 లోపే.

కాకపోతే నెల రోజుల్లో పిల్లలు మామూలుగా కూడా నేర్చుకుంటారు, రెండో పేపరు తేలికగా ఉండొచ్చు, మొదటి పేపరు రాసిన అలవాటూ ఉంటుంది. పెరిగారు అని తేలుతుంది గానీ దేనివల్ల అనేది తేలదు.

ఏ టెస్టూ సరిచేయలేని తప్పు

మా స్కూల్లో సెక్షన్లు ఎలా చేశారో ఎవరైనా అడగాలి, మాస్టారు అడగలేదు గానీ నేనే చెప్తాను. ఏ సెక్షన్‌లో ఎక్కువమంది బిట్రగుంటలోనే ఉంటారు, నడిచి వస్తారు. బీలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్లు ఎక్కువ, సాయంత్రం ట్యూషన్‌కి ఉండలేరు. స్లిప్ టెస్ట్ లేకపోయినా ఏ సెక్షనే ముందుండేదేమో. పీ 0.0001 వచ్చినా "ఈ రెండు గుంపులూ ఒకటి కాదు" అనే చెప్తుంది, కారణం స్లిప్ టెస్టా, ఆటోనా అని చెప్పదు. దానికి ఒకటే మందు, ఎవరు ఏ గుంపులో ఉండాలో మొదట్లోనే చీటీలు వేసి పంచడం.

ఇంకో చిక్కు మా తమ్ముడి దగ్గర అర్థమైంది. వాడికి అల్లూరు వైపు రెండు రొయ్యల గుంటలున్నాయి. ఒకదానికి పాత మేత, ఒకదానికి కొత్త మేత వేసి, విసురు వలతో పట్టి తూచి, "అక్కా, కొత్త మేత గుంటలో 90 కౌంట్ వచ్చింది, పాతది ఇంకా 100 దగ్గరే ఉండాది, నీ టెస్ట్ ఏదో దీనికి చెయ్యి" అన్నాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని, 100 అయితే రొయ్య 10 గ్రాములు, 90 అయితే 11 గ్రాముల పైన. మొదటి సంగతి, వాడు వందేసి రొయ్యల్ని గంపగా తూచాడు, సగటు తెలుస్తుంది గానీ చెదురు తెలియదు, చెదురు లేకుండా టీ లేదు. సరే విడివిడిగా తూచాడే అనుకుందాం, 200 రొయ్యలున్నాయి గదా అని లెక్క వేస్తే పీ ఎంతో చిన్నదొస్తుంది. కానీ మేత వేసింది గుంటకి, రొయ్యకి కాదు. ఒక గుంటలో సీడు (వదిలిన రొయ్య పిల్లలు) బాగుండొచ్చు, ఒకదానికి ఏరియేటర్లు (నీళ్లకి గాలి పట్టించే యంత్రాలు) ఎక్కువసేపు తిరిగి ఉండొచ్చు. వాడి దగ్గరున్నవి రెండు వందల అంకెలు కాదు, రెండే. మేతల సంగతి తేలాలంటే చీటీలు వేసి అయిదు గుంటలకి ఇదీ అయిదు గుంటలకి అదీ వేసి, గుంటకి ఒక సగటు చొప్పున పది అంకెలతో టెస్ట్ చేయాలి. "పది గుంటలు యాడ తెచ్చేది అక్కా" అని ఫోన్ పెట్టేశాడు. ఒక స్కూలు మొత్తానికి ఒక పద్ధతి, పక్క స్కూలుకి ఇంకోటి పెట్టి పిల్లల్ని లెక్కబెట్టుకునేవాళ్లు చేసేది కూడా ఈ పనే.

ఇంకొకటి త్వరగా చెప్పేస్తాను. ఆరు సబ్జెక్టులకీ ఆరు టెస్టులు చేసి, ఒక్క హిందీలో పీ 0.04 వచ్చిందని పట్టుకుని ఊరేగకండి. ఎక్కడా తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు టెస్టుల్లో కనీసం ఒకదానికి పీ 0.05 లోపు రావడానికి వందకి 26 అవకాశాలున్నాయి. ఏ సబ్జెక్టు చూస్తారో ముందే రాసుకోండి, లేదా 0.05ని ఆరుతో భాగించి దాన్నే హద్దుగా పెట్టుకోండి.

రిపోర్టులో "తేడా సార్థకం కాదు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా అంకెలన్నీ పెట్టండి, ఇలాగ: స్లిప్ టెస్ట్ రాసిన 10 మంది సగటు 35.0 (ఎస్‌డీ 4.6), రాయని 10 మంది సగటు 32.0 (ఎస్‌డీ 5.4), తేడా 3.0, 95 శాతం హద్దులు -1.7 నుంచి 7.7, వెల్ష్ టీ 1.34, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 17.5, పీ 0.20. సెక్షన్లు స్కూలు వాళ్లు చేసినవి, చీటీలు వేసి చేసినవి కావు. (ఆ 17.5 ఎక్కడిదంటే, వెల్ష్ పద్ధతిలో 18 కాస్త తగ్గుతుంది, సాఫ్ట్‌వేరే చెప్తుంది.)

ఈ ఏడు హెడ్మాస్టరు గారిని ఒప్పించి రెండు సెక్షన్లనీ పొద్దున పది నిమిషాలకి మాత్రం కలిపేశాం. మొత్తం 84 మంది, 44 చొప్పున కావాల్సిన చోట 42 చొప్పునే దొరికారు, సర్దుకున్నాం. పేర్లన్నీ అదే కాజా డబ్బాలో వేసి ఎనిమిదో తరగతి పాపతో తీయించాం, ఒక 42 మంది స్లిప్ టెస్ట్, మిగతావాళ్లు పక్క గదిలో పుస్తకం తీసి చదువుకోవడం. నిరుడు రెండు సెక్షన్ల పేపర్లూ నేనే దిద్దాను, ఏది ఏ సెక్షనో తెలిసి మరీ దిద్దాను, అరమార్కు దగ్గర నా చెయ్యి ఎటు మొగ్గిందో నాకే తెలియదు. అందుకని ఈసారి పేరూ నంబరూ ఉన్న మూలని మడిచి పిన్ను కొట్టి, జవాబులు వరసగా రాసిచ్చి, పేపర్ల కట్ట లెక్కల మాస్టారికి ఇచ్చేశాను. ఎవరు ఏ గుంపో రాసిన కాగితం నా బీరువాలో ఉంది, ఆయన దిద్దడం అయ్యాకే తీస్తాను.